‘యూజుఫ్రక్చువరీ’ యను మాట



నేటి ప్రసంగమునకు నేనొక ఇంగ్లీషు విశేషణము నెన్నుకొంటిని. అది ‘యూజుఫ్రక్చువరీ’ అనునది. ఇంగ్లీషు బాగుగా చదివినవారికిని ఈ మాట అరుదుగానే తటస్థపడును. కాని భూముల తనఖాలను గూర్చిన వ్యవహారములలో ఇది తరచు కానవచ్చును.

కొన్నాళ్ల క్రిందట మా పొరుగూరి వృద్ధుడొకడు, అవతలి పక్షపు వకీలు పంపిన ఇంగ్లీషు నోటీసును నా యొద్దకు తెచ్చి, ఈ మాటపై వ్రేలుంచి, “అయ్యా, ఇది మా పొలమును నిలుపు మాటయా, తీయు మాటయా?” అని అడిగెను. ఆయన తండ్రి పొలమును తనఖా పెట్టి నలువది యేండ్లు దాటినవి. అది ఋణదాతకే చెల్లిపోయినదని ఊరివారనుచుండిరట.

ఈ మాటకు మూలము లాటిను భాష. అందు ‘ఊసుస్’ అనగా వాడుక. ‘ఫ్రుక్తుస్’ అనగా ఫలము. రోము దేశపు ధర్మశాస్త్రజ్ఞులు ఈ రెంటిని కలిపి ఒక హక్కునకు పేరు పెట్టిరి. పరుల సొత్తును వాడుకొని దాని ఫలము ననుభవింపవచ్చును. సొత్తు మూలమును మాత్రము చెరుపరాదు. వారి యుదాహరణము మన రైతులకు సుబోధము. ఒకనికి గొఱ్ఱెల మందను అనుభవమునకై యిచ్చినచో పాలు, ఉన్ని, పిల్లలు అతనివే. కాని మందలో నొకటి చచ్చినచో, పుట్టిన పిల్లలతో ఆ లోటును పూడ్చవలయును. మంద తరుగరాదు.

కావున ఈ విశేషణము ఏ మాటకు ముందుండునో, దానికి ‘ఫలానుభవమే గాని స్వామ్యము కాదు’ అను నర్థమును చేర్చును. ‘యూజుఫ్రక్చువరీ రైటు’ అనగా ఫలము ననుభవించు హక్కు. ‘యూజుఫ్రక్చువరీ మార్ట్‌గేజి’ అనగా మనవారు భోగ్యమనియు, స్వాధీన తనఖా యనియు చెప్పునదే. మన స్మృతికర్తలకును ఇది క్రొత్త కాదు. నారదుడు తాకట్టును గోప్యము, భోగ్యము అని రెండు విధములుగా చెప్పెను. దాచియుంచునది గోప్యము; అనుభవించునది భోగ్యము. ఫలము ననుభవించు తాకట్టు నశింపదని యాజ్ఞవల్క్యుని మతము.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 58వ సెక్షను ప్రకారము, ఇట్టి తనఖాలో భూమి ఋణదాత స్వాధీనమగును. అతడు ఫలసాయమును వడ్డీక్రింద గాని, అసలుక్రింద గాని, కొంత దీనికి కొంత దానికి గాని జమకట్టుకొనును. ఏది దేనికి చెల్లునో పత్రములోని మాటలే నిర్ణయించును. ఫలసాయము అసలునకును చెల్లునని యున్నచో, అప్పు తీరినంతనే భూమి తిరిగి రావలయును. వడ్డీకి మాత్రమే యని యున్నచో, గడువు తీరిన పిమ్మట అసలు చెల్లింపవలయును. ఋణదాత పుచ్చుకొననిచో కోర్టులో జమచేయవచ్చును. భూమికి శాశ్వతనష్టము కలిగించు పని యేదియు ఋణదాత చేయరాదు. మంద న్యాయమే ఇచ్చటను వర్తించుచున్నది.

ఇక నలువది యేండ్ల సంగతి. తనఖా విడిపించుకొనుటకు 1963 నాటి లిమిటేషను చట్టము 30 ఏండ్ల గడువిచ్చినది. అయితే భోగ్యము విషయమున ఆ గడువు పత్రము వ్రాసిన దినమునుండి లెక్కకు రాదనియు, అప్పు ఫలసాయముచేత గాని, చెల్లింపుచేత గాని, కోర్టు జమచేత గాని తీరిన నాటినుండియే మొదలగుననియు 2014లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అనగా ఏండ్లు గడచినంత మాత్రమున పొలము పోదు.

ఒక్క హెచ్చరిక. పత్రములో భోగ్యమని యున్నదా, షరతు క్రయమని యున్నదా చూచుకొనవలయును. క్రయమని వ్రాసియున్నచో త్రోవ వేఱు. అందుచేత, సంతకమునకు ముందే పత్రమును చదివించుకొని, ఫలసాయము దేనికి జమయగునో, గడువెంతో, శిస్తు కట్టువారెవరో స్పష్టముగా వ్రాయించుకొనుడు.

ఆ వృద్ధునితో నేను, “తాతగారూ, ఇది నిలుపు మాటయే. కాని అప్పు తీరినదో లేదో మీ పాతపత్రమే చెప్పవలయును. దానిని తీసికొని న్యాయవాది యొద్దకు పొండు” అంటిని. అవతలివారు వ్రాసిన నోటీసులోనే, పొలము తమది కాదని చెప్పు మాట యున్నది. దానిని చదువగల వారే యాయనకు దొరకలేదు.