గోల్ఫు మైదానములో నడక: అలసట ఎక్కడ పుట్టుచున్నది?

ఆటలలో కొన్నింటికి పరుగు ప్రధానము, కొన్నింటికి బలము ప్రధానము. గోల్ఫు ఆటలో పరుగు లేదు, కుస్తీ లేదు. చిన్న తెల్లని బంతిని కర్రతో కొట్టి, అది పడినచోటికి నడచిపోయి, మరల కొట్టి, చివరకు పచ్చికలోని ఒక చిన్న గుంటలో పడవేయుటయే ఆట. అట్టి గుంటలు మొత్తము 18. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానములో 1764లో ఏర్పడిన ఈ సంఖ్యయే తరువాత ప్రపంచమంతటను వాడుకలోనికి వచ్చినది.

పెద్ద మైదానములో మొదటి గుంట నుండి చివరి గుంట వరకు ఆట దారి 6 కిలోమీటర్లకు పైగా ఉండును. బంతి ఎల్లప్పుడును తిన్నగా పోదు. దానిని వెదకుచు పోవుటలోను, ఒక గుంట నుండి తరువాతి ఆటచోటికి పోవుటలోను మరికొంత నడక చేరును. అన్నియు కలిసి 8 మొదలు 10 కిలోమీటర్లగును. ఇందుకు నాలుగైదు గంటల కాలము పట్టును.

మొవ్వ, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో పొలము పనికి పోవువారికి ఎనిమిది కిలోమీటర్ల నడక వింత కాదు. అయినను కొన్ని గోల్ఫు మైదానములు నడచువారిని లొంగదీయునవని లోకమున పేరుపొందినవి. అమెరికాలోని న్యూయార్కు సమీపమున బెత్‌పేజ్ బ్లాక్ అను మైదానము కలదు. అందు బండ్లు వాడరాదు, అందరును నడువవలసినదే. ఇది మిక్కిలి కష్టమైన మైదానము, నేర్పరులకు మాత్రమే తగినది అని ప్రారంభస్థలమున ఒక హెచ్చరిక పలక కట్టియున్నారు. హవాయి దీవులలోని కపాలువా మైదానము అగ్నిపర్వతపు వాలుపై ఉన్నది. ఆగస్టా మైదానము టెలివిజనులో చదునుగా కనిపించును గాని, పదవ గుంటకు పోవు దారి 30 మీటర్లకు పైగా దిగును. పదునెనిమిదవ గుంటకు మరల ఎదురెక్కవలెను.

తెలుగునాట కూడ ఇట్టి నేలలు కలవు. హైదరాబాదులో గోల్కొండ కోటకు చెందిన నయా ఖిలా భాగమున, నల్లరాతి గుండ్ల నడుమ, ఒక గోల్ఫు మైదానము ఉన్నది. విశాఖపట్టణములో ముడసర్లోవ జలాశయము సమీపమున, కొండల ప్రక్కన, ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు మైదానమున్నది.

దూరము ఇంచుమించు ఒకటే అయినపుడు ఒక మైదానము సులభముగను, మరియొకటి కష్టముగను ఉండుటకు కారణమేమి?

న్యాయస్థానమునకు ఎక్కిన ప్రశ్న

ఈ ప్రశ్న ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయినది. కేసీ మార్టిన్ అను ఆటగానికి పుట్టుకతోనే కుడికాలి రక్తప్రసరణలో దోషముండెను. నడచినకొలది నొప్పి పెరుగును. కాలి ఎముక విరుగు ప్రమాదము కూడ కలదు. పోటీలలో చిన్న బండిపై పోవుటకు తనను అనుమతింపవలెనని అతడు కోరెను. పోటీలు నడపు సంస్థ అంగీకరింపలేదు. నడక వలని అలసట ఆటలో భాగమనియు, బండి ఎక్కినవానికి ఇతరులపై అక్రమమైన లాభము కలుగుననియు వాదించినది. ఒక మనిషి జీవనోపాధి ఆ వాదము తేలుటపై ఆధారపడియుండెను.

విచారణలో ఒక శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు లెక్క కట్టి చెప్పెను: ఐదు గంటలలో సుమారు ఐదు మైళ్లు, అనగా 8 కిలోమీటర్లు, నడచుటకు ఖర్చగు శక్తి దాదాపు 500 కిలోకేలరీలు మాత్రమే. నడుమ విరామములు కూడ అనేకము ఉండును. కనుక మామూలు పరిస్థితులలో ఆ నడక పెద్ద అలసట కలిగించదని క్రింది న్యాయస్థానము నిర్ణయించినది. 2001లో సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యముతో మార్టిన్ పక్షమున తీర్పు చెప్పినది.

500 అను సంఖ్య సరియైనదేనా? మనమే లెక్కించి చూతము.

సమతలముపై నడక

కండరములు పనిచేయుటకు ప్రాణవాయువు కావలెను. శరీరము గ్రహించు ప్రతి లీటరు ప్రాణవాయువుకు సుమారు 5 కిలోకేలరీల శక్తి వెలువడును. కనుక ప్రాణవాయువును కొలిచినచో శక్తిని కొలిచినట్లే.

సమతలముపై మామూలు వేగముతో నడచునపుడు, ఒక కిలోగ్రాము శరీరభారమును ఒక మీటరు దూరము తీసికొనిపోవుటకు, విశ్రాంతికి కావలసినది గాక, 0.1 మిల్లీలీటరు ప్రాణవాయువు అదనముగా కావలెనని ప్రయోగములు తెలిపినవి. 60 కిలోల మనిషి ఒక కిలోమీటరు నడచినచో 6 లీటర్లు, అనగా 30 కిలోకేలరీలు. 8 కిలోమీటర్లకు 240. ఊరక ఉన్నను శరీరము గంటకు సుమారు 60 కిలోకేలరీలు వాడుకొనును. ఐదు గంటలకు 300. మొత్తము 540. న్యాయస్థానములో చెప్పిన అంకెకు ఇది దగ్గరగానే ఉన్నది.

కాబట్టి దూరము ఒక్కటే ఆరోగ్యవంతుని అలసింపజేయదు. కష్టము వేరొకచోట ఉన్నది.

ఎక్కుట, దిగుట

శరీరమును ఒక మీటరు ఎత్తునకు లేపుటకు, కిలోగ్రాముకు 1.8 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కావలెను. ఇది సమతలముపై ఒక మీటరు నడుచుటకు కావలసినదానికి 18 రెట్లు. ఈ ఒక్క సంఖ్యను గుర్తుంచుకొనిన చాలును: ఒక మీటరు ఎక్కుట 18 మీటర్లు నడుచుటతో సమానము.

గోల్కొండలో బాలాహిస్సారు ఉన్న గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. దాని పైకి ఎక్కుట, మెట్ల దూరము గాక, మరి రెండు కిలోమీటర్లు నడచుటతో సమానము. అలిపిరి నుండి తిరుమలకు 3550 మెట్లు. దారి పొడవు సుమారు 9 కిలోమీటర్లు. ఎక్కు ఎత్తు సుమారు 700 మీటర్లు. ఎత్తును 18తో గుణించిన 12 కిలోమీటర్లు దాటును. కనుక ఆ యాత్రికుడు సమతలముపై 21 కిలోమీటర్లు నడచినంత పని చేయుచున్నాడు.

నిమిషమునకు 80 మీటర్లు నడచువాడు, నూటికి 5 వంతుల వాలుగల దారి ఎక్కుచు అదే వేగమును నిలుపుకొనదలచినచో, అతనికి ప్రాణవాయువు ఒకటిన్నర రెట్ల కంటె ఎక్కువ కావలెను. నూటికి 10 వంతుల వాలుపై రెండింతలు మించును. ఎగువన మనము తెలియకయే నడక తగ్గించుటకు, ఊపిరి వేగమగుటకు కారణమిదియే.

ఎక్కిన శ్రమ దిగునపుడు తిరిగివచ్చునా? పూర్తిగా రాదు. నూటికి 10 వంతుల వాలువరకు దిగువ నడక సమతలపు నడక కంటె తేలిక. అంతకు మించి ఏటవాలైనచో శరీరము ముందుకు పడకుండ ఆపుట కొరకు తొడ కండరములు సాగుచునే బిగియవలసివచ్చును. ఇట్టి బిగింపు కండరపు పోగులకు స్వల్ప గాయములు చేయును. కొండ దిగివచ్చిన మరునాడు తొడలు పట్టివేయుట అందువలననే.

నేల గుణము

మన డెల్టాలో ఎక్కవలసిన ఎత్తులు లేవు. విజయవాడ నుండి సముద్రము వరకు భూమి కిలోమీటరుకు అర మీటరు కూడ దిగదు. అట్లని ఇచ్చటి నడక అంతయు సులభము కాదు. ఇచ్చట పరీక్ష పెట్టునది వాలు కాదు, నేల.

గట్టి రోడ్డుపై నడుచుటకు పట్టు శక్తిని 1 అనుకొనినచో, మట్టిబాటపై 1.1, దట్టమైన పొదలలో 1.5, బురద నేలలో 1.8, వదులు ఇసుకలో 2.1 అగునని 1970 ప్రాంతమున సైనికుల నడకపై జరిగిన పరిశోధనలు తేల్చినవి. 1998లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో ఇసుక నడకకు 2.1 మొదలు 2.7 రెట్ల శక్తి ఖర్చగునని కనుగొనిరి. గట్టినేలను పాదము వెనుకకు నెట్టగా నేల శరీరమును ముందుకు పంపును. ఇసుక పాదము క్రింద జారిపోవును. మనము పెట్టిన శక్తిలో కొంత ఇసుక రేణువులను కదపుటకే చెల్లిపోవును. బురదలో పాదము దిగబడును. ప్రతి అడుగునకు దానిని పైకి లాగుకొనవలెను.

హంసలదీవి నుండి సాగరసంగమము వద్దకు ఇసుకలో నడచినవారికిని, దమ్ము చేసిన మడిలో నాట్లు వేయువారికిని ఈ సంఖ్యలు క్రొత్తవి కావు. దమ్ము మడిలో 4 కిలోమీటర్ల కదలిక గట్టి రోడ్డుపై 7 కిలోమీటర్ల నడకను మించును. సెయింట్ ఆండ్రూస్ మైదానము కూడ సముద్రపుటొడ్డున ఇసుక నేలపైననే ఉన్నది. అయితే పొట్టి గడ్డి వేళ్లు ఆ ఇసుకను చాపవలె బిగించి పట్టియుంచుటచే నడక హాయిగా ఉండును. బంతి గడ్డి తప్పి ఇసుక గుంటలో పడినపుడు మాత్రమే ఇసుక బలము తెలియును.

బరువు మోయువాని నడక

ఆటకు కావలసిన కర్రల సంచి పది కిలోలకు పైగా తూగును. పెక్కుచోట్ల దానిని ఆటగాడు మోయడు. కేడీ అను పనివాడు మోయును. వీపుపై బరువు కూడ శరీరభారములో చేరినట్లే లెక్క. 60 కిలోల మనిషి 12 కిలోలు మోసినచో నడకకగు ఖర్చు సుమారు ఐదవవంతు పెరుగును. ఎగువ దారిలోను అంతియే. ఆటగానికి వినోదమైన దారిలోనే కేడీ కూలికొరకు ఎక్కువ శక్తి ఖర్చుచేయుచున్నాడు. మైదానము ఎంత కష్టమైనదో అడుగువారు కేడీని కూడ అడుగవలెను.

ఎండ, తేమ

మార్టిన్ వ్యాజ్యములో ప్రత్యర్థుల పక్షమున సాక్ష్యమిచ్చినవారిలో కెన్ వెంచూరి ఒకడు. 1964 జూన్‌లో వాషింగ్టన్ వద్ద కాంగ్రెషనల్ మైదానములో జరిగిన అమెరికా ఓపెన్ పోటీలో చివరి దినమున ఒక్కరోజే 36 గుంటలు ఆడవలసియుండెను. ఆనాడు ఎండవేడిమి 38 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున ఉన్నది. ఉదయపు ఆట ముగియుసరికి వెంచూరి సొమ్మసిల్లు స్థితిలో ఉండెను. వైద్యుడు అతనికి ఉప్పు బిళ్లలిచ్చి, మధ్యాహ్నపు ఆటలో వెంట నడచెను. వెంచూరి నెగ్గెను. మరుసటి సంవత్సరము నుండి చివరి రెండు ఆటలను వేరువేరు దినములలో జరుపసాగిరి.

ఇది నడకలోని కష్టమునకు నిదర్శనము కాదా? న్యాయస్థానము ఇందుకు శాస్త్రీయమైన సమాధానమునే స్వీకరించినది. తీవ్రమైన వేడిలోను, తేమలోను అలసటకు ముఖ్యకారణము నడక కాదు. శరీరము నీటిని కోల్పోవుట.

సమతలముపై నడచునపుడు ఖర్చగు శక్తి దాదాపు అంతయు చివరకు వేడిగా మారును. చర్మపు వేడిమి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటె చల్లగా ఉన్నచో శరీరము కొంత వేడిని గాలికి ఇచ్చును. గాలి అంతకంటె వేడెక్కినపుడు శరీరమే గాలి నుండి వేడిని గ్రహించును. అప్పుడు మిగిలిన మార్గము చెమట యొక్కటే. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి పోవును. అయితే చెమట ఆవిరి కావలెను. కారి నేలపాలైన చెమట చల్లదనమునీయదు. నీరు మాత్రము నష్టమగును.

పొడిగాలి వీచు గోల్కొండలో చెమట త్వరగా ఆవిరియగును. సముద్రపు తేమగల విశాఖలో అదే వేడిమి వద్ద చెమట కారిపోవును. మన డెల్టాలో వేసవియందు రెండు విధములును కనిపించును. పడమటి వడగాలి చెమటను ఆర్పును గాని శరీరమును వేడెక్కించును. సముద్రపు గాలి వేడిని తగ్గించును గాని చెమటను ఆరనీయదు. ఇందు ఏది మితిమీరినను ప్రమాదమే. 2003లోను, 2015లోను వేసవి వడగాడ్పులకు తెలుగునాట వేయిమందికి పైగా మరణించిరి. వారు కొండలు ఎక్కుచు మరణించినవారు కారు. సమతలమున ఎండలో పనిచేసినవారును, వృద్ధులును వారిలో పెక్కుమంది.

60 కిలోల మనిషి 1.2 లీటర్ల నీరు కోల్పోయినచో, అనగా శరీరభారములో నూటికి 2 వంతులు తగ్గినచో, పనితనము తగ్గుట మొదలగును. దప్పిక కలుగువరకు ఆగక, కొద్దికొద్దిగా నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగుచుండవలెను. ఉప్పు బిళ్లలు మ్రింగుట కంటె, లీటరు నీటిలో అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూనుల చక్కెర కలిపి త్రాగుట మేలు. ఎండలో ఉన్న మనిషి తడబడుచు మాటలాడినను, స్పృహ తప్పినను అది వడదెబ్బయని గ్రహించి, వెంటనే నీడకు చేర్చి, ఒంటిని చల్లని నీటితో తడిపి విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఉదయము ఎండ ముదరక ముందు విద్యార్థులు ఈ ప్రయోగమును చేయవచ్చును. ఆరోగ్యము సరిలేనివారు నాడిని లెక్కించు పని తీసికొనవలెను.

మొదట కూర్చుండి 15 సెకండ్లు నాడిని లెక్కించి, నాలుగుతో గుణింపుడు. పిదప ఆటస్థలములోని గట్టినేలపై 200 మీటర్లను రెండున్నర నిమిషములలో నడచి, ఆగిన వెంటనే నాడిని మరల చూడుడు. విశ్రమించి నాడి మొదటి స్థితికి వచ్చిన తరువాత, అదే దూరమును అదే కాలములో దున్నిన నేలపైనో ఇసుకలోనో నడువుడు. మూడవసారి పుస్తకముల సంచి వీపున వేసికొని గట్టినేలపై నడువుడు. నాలుగవసారి మేడమెట్లు ఎక్కుడు; మెట్టు ఎత్తును మెట్ల సంఖ్యతో గుణించినచో ఎక్కిన ఎత్తు తెలియును. దానిని 18తో గుణించి, సమతలముపై ఎంత నడకతో సమానమో వ్రాయుడు. నాడి పెరుగుదలలను ఒక పటముగా గీసినచో, వాలు, నేల, బరువు అను మూడింటి ప్రభావము కంటికి కనిపించును. ఉపాధ్యాయులు ఈ పటమును భౌతికశాస్త్ర పాఠములోను, జీవశాస్త్ర పాఠములోను వాడుకొనవచ్చును.

ఇకపై ఎవరైన ఒక దారి కష్టమైనదని చెప్పినచో, అది ఎన్ని కిలోమీటర్లని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఎంత ఎత్తు ఎక్కవలెను, కాలి క్రింద ఎట్టి నేల ఉన్నది, భుజముపై ఎంత బరువు ఉన్నది, గాలిలో ఎంత వేడి, ఎంత తేమ ఉన్నవి అని కూడ అడుగవలెను. ఈ ప్రశ్నలు గోల్ఫు ఆటగానికి ఎంత అవసరమో, మే నెలలో చేలగట్టుపై నడచు కూలివానికి అంతకంటె ఎక్కువ అవసరము.