మెదక్ కొండల కొలతలు – జిప్ మూటను విప్పు విధము

మెదక్ కోట కొండమీద కురిసిన వాన ఏ వాలు వెంట దిగి ఏ చెరువును చేరునో తెలియవలెనన్న, ముందుగా ఆ ప్రాంతపు ఎత్తుపల్లములు తెలియవలెను. ఒకప్పుడు ఇందుకై గొలుసులు, కొలత యంత్రములు పట్టుకొని నెలల తరబడి తిరుగవలసి వచ్చెడిది. 2000వ సంవత్సరము ఫిబ్రవరిలో ఎండెవర్ అను అంతరిక్షనౌక 11 దినములు భూమిని చుట్టి, నేలలో సుమారు 80 శాతము ఎత్తులను రేడారుతో కొలిచినది. ఆ కొలతలు నేడు ఇంటర్నెట్టులో, పేరు నమోదు చేసికొన్నవారికి ఉచితముగా లభించుచున్నవి.

ఒక డిగ్రీ అక్షాంశము, ఒక డిగ్రీ రేఖాంశము గల గడికి ఒక్కొక్క ఫైలు కలదు. గడియొక్క నైరుతి మూలనుబట్టి దానికి పేరు. మెదక్ పట్టణమున్న గడి పేరు ‘ఎన్18ఇ078’. అయితే పట్టణము 18వ అక్షాంశమునకు ఉత్తరమున ఐదారు కిలోమీటర్లలోనే ఉన్నది. ఆ రేఖ దాటి దక్షిణమునకు పోయినచో ‘ఎన్17ఇ078’ అను వేరొక ఫైలు కావలెను. వాననీరు రేఖను చూచి ఆగదు గదా! తెలంగాణమంతకు కావలెనన్న ఇట్టి గడులు 25 వరకు ఉండును. పేర్లు ఒక నియమము ననుసరించినవి గనుక, వాటిని కూర్చి ఫైళ్ళను దింపు పనిని కంప్యూటరు ప్రోగ్రామునకే అప్పగింపవచ్చును.

ఒక్కొక్క గడిలో 3,601 వరుసలు, వరుసకు 3,601 కొలతలు, కొలతకు రెండు బైట్లు. మొత్తము 2,59,34,402 బైట్లు. ఇంత బరువును తగ్గించుటకే దానిని ‘జిప్’ అను మూటగా కట్టుదురు. ఈ మూట పద్ధతిని 1989లో ఫిల్ కాట్జ్ అను అమెరికా దేశస్థుడు ప్రవేశపెట్టెను. ‘మెదక్ కోట, మెదక్ చర్చి’ అని వ్రాయవలసినపుడు రెండవ ‘మెదక్’కు బదులు ‘ఇన్ని అక్షరములు వెనుకకు పోయి ఇన్ని తీసికొనుము’ అని గుర్తు వ్రాసినచో చాలును. దీనికి 1977లో లెంపెల్, జివ్ అనువారు మార్గము చూపిరి. తరచుగా వచ్చు గుర్తులకు పొట్టి సంకేతము, అరుదుగా వచ్చువానికి పొడవు సంకేతము ఇచ్చు హఫ్‌మన్ పద్ధతి 1952 నాటిది. జిప్‌లో సాధారణముగా ఈ రెండును కలిసి పనిచేయును.

మూటను విప్పు ప్రోగ్రామును ఎవరికి వారు వ్రాసికొన నక్కరలేదు. పైథాన్ భాషలో ‘జిప్‌ఫైల్’ అను లైబ్రరీ, అనగా ఇదివరకే వ్రాసి పరీక్షించిన ప్రోగ్రాముల భాగము, సిద్ధముగా నున్నది. రెండు మూడు పంక్తులలో పని ముగియును. చిక్కంతయు దింపుటలోనే.

పేరు, రహస్యపదము పంపుట మరచిన ప్రోగ్రామునకు ఒక్కొక్కప్పుడు మూటకు బదులు ‘పేరు చెప్పుము’ అను పుట వచ్చును. తెలివిలేని ప్రోగ్రాము దానినే ‘.జిప్’ అను పేరుతో దాచును. తీరా విప్పబోగా ‘ఇది జిప్ ఫైలు కాదు’ అని లైబ్రరీ మొరాయించును. కొలతల మూట తొలి రెండు బైట్లు ‘పి’, ‘కె’ అను ఆంగ్లాక్షరములు (కాట్జ్ పేరులోని పొడియక్షరములే). వానిని చూచినచో మోసము అప్పుడే బయటపడును.

రెండవ చిక్కు కరెంటు పోవుట. జిప్‌లో లోపలి ఫైళ్ళ జాబితా చివర నుండును. పెండ్లి సామానుల పట్టీని మూట అడుగున పెట్టినట్లు. అందుచేత ముప్పాతిక భాగము దిగి ఆగిన మూటను లైబ్రరీ తెరువనే తెరువదు. దిగుచున్నంతసేపు ఫైలునకు తాత్కాలికమైన పేరుంచి, సర్వరు చెప్పిన పొడవుతో సరిపోయిన పిదపనే అసలు పేరు పెట్టుట మేలు. లేనియెడల మరునాడు ప్రోగ్రాము ఆ సగము ఫైలును చూచి, ‘ఇది ఉన్నదే’ అని దాటిపోవును.

పొడవు సరియైనను నడుమ ఒక బైటు మారవచ్చును. అందుకై లోపలి ప్రతి ఫైలునకు 32 బిట్ల సరిచూపు సంఖ్య యొకటి మూటలో వ్రాసియుండును. విప్పునపుడు లైబ్రరీ ఆ సంఖ్యను మరల కట్టి పోల్చి, తేడా వచ్చినచో పని నిలుపును.

ఎవరో తెలియనివారు కట్టిన మూటలో ఇంకొక అపాయము. లోపలి ఫైలు పేరులోనే ‘పై అరకు పొమ్ము’ అను చుక్కల గుర్తులు దూర్చి, వేరొకచోటి ఫైలును చెరపజూచువారు కలరు. జిప్‌ఫైల్ అట్టి గుర్తులను తొలగించియే విప్పును; అన్ని లైబ్రరీలును అంత జాగ్రత్త చూపవు.

విప్పిన తరువాత ఫైలు 2,59,34,402 బైట్లు ఉన్నదేమో చూడవలెను. కొలతలో పెద్ద బైటు ముందు వచ్చును. తారుమారుగా చదివినచో 500 మీటర్ల కొండ 3,071 మీటర్ల గోతిగా కనబడును. మెదక్ రెండు గడులను అతుకునపుడు 18వ అక్షాంశపు వరుస రెండింటిలోను ఉండును గనుక, ఒకదానిని తీసివేయగా 7,201 వరుసలు మిగులును.