కూలీ ఘాట్ కథలో యానాం పుట

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ రేవు ఒడ్డున కొన్ని రాతి మెట్లున్నాయి. మన గోదావరి స్నానఘట్టాలు చూసిన కళ్లకు అవి ఒక లెక్కలోవి కావు. కానీ 1849లో అక్కడ కూలీల డిపో కట్టాక, ఓడ దిగిన భారతీయుడు ఆ దేశంలో ముందుగా ఎక్కింది ఆ మెట్లే. ఎక్కినవాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు దాన్ని ‘కూలీ ఘాట్’ అనేవారు. 1987లో జాతీయ స్మారకమైంది. ఇప్పటి పేరు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

పాత డిపోలో ఇప్పుడు మిగిలింది నూటికి 15 వంతులే. ఆసుపత్రి గదుల మొండిగోడలు, వంటశాల ఆనవాళ్లు, మరుగుదొడ్ల వరస, ఆ మెట్లు. మిగతాదంతా రోడ్ల కిందా, కొత్త కట్టడాల కిందా పోయింది. ఆ ఉన్న కాస్తలోనే 2014లో మ్యూజియం లాంటి వివరణ కేంద్రం తెరిచారు. రాజుల కత్తులు, రాణుల నగలు అక్కడ ఉండవు. కూలీ ఎలా వచ్చాడు, ఏం తిన్నాడు, ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడు... ఇదే సరుకు. ‘మా తాత కూలీ’ అని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డ తరాలుండేవి. వాళ్ల మనవలు ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి ఆ మెట్లు చూపిస్తున్నారు.

అంకెలు చెప్పే సంగతి

కథ 1834లో మొదలైంది. ఆ ఏడాది నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తెచ్చి పోర్ట్ లూయిస్‌లో దించింది. మారిషస్‌లో ఆ తేదీకి ఇప్పటికీ ప్రభుత్వ సెలవే. మూడు నెలలు తిరక్కుండా, 1835 ఫిబ్రవరి 1న, అక్కడ బానిసత్వం రద్దయింది. ఈ రెండు తేదీల మధ్య చుట్టరికం అర్థమైతే కథ సగం అర్థమైనట్టే. బానిసలు వెళ్లిపోతే చెరకు తోటల్లో పని చేసేదెవరు? అందుకు దొరికినవాళ్లు మనవాళ్లు. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ దీవికి చేరారని యునెస్కో లెక్క.

ఒప్పందం అయిదేళ్లు. జీతం నెలకు అయిదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దీన్ని తెల్లదొరల తోటల్లో ‘డబుల్ కట్’ అనేవారు. 1867 చట్టంతో కూలీ దగ్గర ఫొటో అంటించిన పాసు ఉండాల్సి వచ్చింది. లేకుండా రోడ్డు మీద దొరికితే ‘దేశదిమ్మరి’ కేసే. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్న కూలీల ఫొటోలు చూసి ఈనాటివాళ్లు ‘మా ముత్తాత ఎంత ఠీవిగా ఉన్నాడో’ అని మురుస్తుంటారు గానీ, అవి సరదాకు దిగిన ఫొటోలు కావు. పోలీసులు గుర్తుపట్టడానికి తీసినవి.

అదే చోట రిజిస్టర్లు కూడా ఉన్నాయి. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఎక్కిన ఓడ, పంపిన తోట. గుమాస్తాకు చెవిన పడింది పడినట్టు రాసుకున్నాడు. మొదట దిగిన మనిషి పేరే తర్వాత ఇంటిపేరై కూర్చుంది. అసలు ఇంటిపేరు సముద్రంలో కలిసిపోయింది. ‘అప్పడు’ అక్కడ ‘అప్పడూ’ అని ఇంటిపేరయింది చూడండి.

ఈ కాగితాలకు ఇప్పుడు కొత్త విలువ వచ్చింది. భారత సంతతి మారిషస్ వాసులకు ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పోర్ట్ లూయిస్‌లో ప్రకటించారు. ఏడు తరాల కిందటి తాత మన దేశంవాడేనని చూపించాలంటే, దారి తీసేది ఆ గుమాస్తా రాసిన వరసే.

రోడ్డు దాటితే ఇంకో గుమ్మం

ఇంతవరకే అయితే ఇది మనం గర్వపడి చదివి మడిచేసే కథ. కానీ ఆప్రవాసీ ఘాట్‌కు కూతవేటు దూరంలో ఫ్రెంచి కాలం నాటి సైనిక ఆసుపత్రి ఒకటుంది. దాన్ని కట్టింది బానిసల చేతులు. ఇప్పుడది బానిసత్వ మ్యూజియం. 2020లో తొలి ప్రదర్శన పెట్టారు. 2023లో మ్యూజియంగా తలుపులు తెరిచింది.

కూలీల సంతతికి స్మారకం ముందొచ్చి, బానిసల సంతతికి ఇంత ఆలస్యం ఎందుకైంది? మారిషస్ జనాభాలో దాదాపు మూడింట రెండొంతులు భారత సంతతే. ప్రభుత్వంలోనూ వాళ్లదే పెద్ద చేయి. ఆఫ్రికా, మడగాస్కర్ బానిసల వారసులైన క్రియోల్ జనం వెనకబడిపోయారు. 1999 ఫిబ్రవరిలో కయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధంలో చనిపోయినప్పుడు దేశం రోజుల తరబడి భగ్గుమంది. ఎన్నాళ్లుగానో లోపల ఉన్న కసి అప్పుడు బయటపడింది. 2009లో అక్కడి ప్రభుత్వం ‘ట్రూత్ అండ్ జస్టిస్ కమిషన్’ వేసింది. బానిసత్వం, ఒప్పంద కూలీతనం... రెండూ మనుషుల మీద ఏం ముద్ర వేశాయో చూడమంది. 2011లో వచ్చిన నివేదిక చేసిన సిఫార్సుల్లో ఈ మ్యూజియం ఒకటి.

రద్దు సమయానికి ఆ దీవిలో బానిసలు సుమారు 66 వేల మంది. నష్టపరిహారంగా బ్రిటిష్ సర్కారు 20 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చింది. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు. బానిసలకూ రిజిస్టర్లున్నాయి. కానీ అవి యజమాని ఆస్తి జాబితాలు. పేరు దొర పెట్టిందే. పుట్టిన చోటు ‘మొజాంబిక్’ అనో ‘మలగాసీ’ అనో ఒక్క ముక్క. ఊరు లేదు, చాలాసార్లు తండ్రి పేరు లేదు. మన ముత్తాత కాగితంలో ఊరుంది కాబట్టి మనవడు కార్డు అడగగలుగుతున్నాడు. క్రియోల్ మనవడు ఏ ఊరు పేరు చెప్పుకోవాలి?

ఒక విచిత్రం ఉంది. 1846లో ఫ్రోబెర్విల్ అనే పండితుడు మారిషస్‌లో విముక్తులైన ఆఫ్రికన్ల ముఖాలకు ప్లాస్టరు అచ్చులు తీయించాడు. జాతుల శాస్త్రం అన్న పేరుతో చేసిన పని అది. ఆ ముఖాలు ఫ్రాన్స్‌లోని బ్లువా కోటలో ఉండిపోయాయి. ఇటీవలి ఏళ్లలో చరిత్రకారులు వాటికి ఒక్కొక్కరి పేరూ, బతుకు వివరమూ వెతికి జోడిస్తున్నారు. చదివి ఊరుకునే సంగతి కాదిది. ‘ఇది ఫలానా మనిషి’ అని ఒక క్రియోల్ కుటుంబం తొలిసారి ఒక ముఖం వంక చూడగలగడం అంటే చిన్న విషయమా?

బానిసల్లో మనవాళ్లూ

ఆ బానిసల జాబితాల్లో ‘ఇండియన్’ అనే గడి కూడా ఉంది. ఫ్రెంచి స్థావరాల నుంచీ, కోరంగి తీరం నుంచీ 18వ శతాబ్దంలో మనుషుల్ని అమ్మేశారు. కరవు రోజుల్లో తిండిగింజల కోసం పిల్లల్ని అమ్ముకున్నవాళ్లున్నారు. ఎత్తుకుపోయి అమ్మినవాళ్లూ ఉన్నారు. అంటే కూలీల కథ మనది, బానిసల కథ వాళ్లది అని గీత గీయడానికి వీల్లేదు. బేరం కుదిర్చిన దళారుల్లోనూ, తర్వాతి కాలంలో ఊళ్లకు తిరిగొచ్చి ‘బంగారం పండుతుంది’ అని సాటివాళ్లను ఓడ ఎక్కించిన మేస్త్రీల్లోనూ మనవాళ్లున్నారు. మ్యూజియం అన్నాక ఇది కూడా గోడ మీద రాయాలి. దండ వేసిన ఫొటోలే పెట్టుకుంటే దానికి సన్మాన సభ చాలు.

యానాం సంగతికొస్తే, ‘అట్లాస్’ కన్నా ఆరేళ్ల ముందే, 1828లో, యానాం నుంచి ‘లా తుర్క్వాజ్’ ఓడ 15 మంది తెలుగు కూలీలను రీయూనియన్ దీవికి తీసుకెళ్లింది. ఫ్రెంచి కాగితాల్లో వాళ్లు ‘తెలింగాలు’. ఆ దీవికి వెళ్లిన తొలి ఒప్పంద కూలీలు వాళ్లే. వాళ్ల వెనక మరికొన్ని వేలమంది వెళ్లారు. కొట్టడాలు, జీతాల ఎగవేతల మీద గొడవలై చాలామంది తిరిగొచ్చేశారు. ప్రపంచమంతా అట్లాస్‌తో లెక్క మొదలుపెడుతుంది గానీ, మన పక్క రేవు పేరు అంతకు ముందు పుటలో ఉంది. రీయూనియన్‌లో కూలీలను దిగగానే విడిగా ఉంచిన లజారే భవనాలను బాగు చేసి జనానికి చూపిస్తున్నారు.

ఇక ఎక్కిన ఒడ్డు? కోరంగి అంటే ఇప్పుడు మడ అడవులు, పడవ షికారు. 1839 నవంబరు తుపానూ ఉప్పెనా కొట్టిన దెబ్బకు రేవు మళ్లీ తేరుకోలేదు. రంగూన్‌లో తెలుగు కూలీని ‘కోరంగీ’ అని పిలిచారంటే ఆ రేవు ఎందర్ని పంపిందో ఊహించుకోవచ్చు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్నకు గుళ్లు, అమ్మోరి పండుగలు ఉన్నాయని మనం ముచ్చటగా చెప్పుకుంటాం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడే జరిగాయి. వాళ్లెందుకు వెళ్లాల్సి వచ్చిందన్న మాట మాత్రం సభల్లో పెద్దగా రాదు.

యానాంలోనో, కోరంగిలోనో, బరంపురంలోనో ఒక గది చాలు. గంజాం 1936లో ఒడిశాలో కలిసింది కాబట్టి ఆ జిల్లా కూలీ చరిత్రకు తెలుగు, ఒడియా రెండు బోర్డులూ కావాలి. సరుకు కొత్తగా తవ్వక్కర్లేదు. మారిషస్ రిజిస్టర్లు మోకాలో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఫ్రెంచి వలసల కాగితాలు ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలో ఉన్నాయి. రిజిస్టరులో ‘ఊరు’ గడిలో ఇంగ్లిషు గుమాస్తా వంకరటింకరగా రాసింది ఏ ఊరో గుర్తుపట్టాలంటే మాత్రం ఆ ఊళ్ల యాస తెలిసినవాళ్లు కావాలి. వాళ్లు ఇక్కడే ఉన్నారు.