పదునేడేండ్ల లెక్క

1749 వ సంవత్సరమున వసంతము ముగియుచున్న దినములు. అమెరికాలోని మేరీలాండు ప్రాంతమున, పటాప్స్కో నదికి చేరువనున్న యొక చిన్న పొగాకు క్షేత్రములో 17 ఏండ్ల బాలుడొకడు నిశ్చేష్టుడై నిలిచెను. కాలి క్రింది నేలనుండి వేలకు వేలుగా పురుగులు వెలువడి చెట్లపైకి ప్రాకుచుండెను. కొమ్మలును ఆకులును వానితో నిండిపోయెను. ఇవి పండ్లను పైరులను నాశనము చేయునని తలచి ఆ బాలుడు అందినవానినెల్ల చంపసాగెను. కాని రక్తబీజుని కథలోవలె, చంపినకొలదియు క్రొత్తవి పుట్టుకొని వచ్చుచునే యుండెను. కొలది కాలమునకే అతడు తన శ్రమ వ్యర్థమని గ్రహించి చేయి దించెను.

ఆ బాలుని పేరు బెంజమిన్ బానెకర్. తండ్రి బానిసత్వమునుండి విముక్తుడైన నల్లజాతి కర్షకుడు. కుమారుడు పాఠశాలలో చదివినది స్వల్పము; స్వయంకృషితో ఆర్జించినది అనల్పము. అతడు కొయ్యతో గడియారము నిర్మించెను. గ్రహగతులను గుణించి 1792 మొదలు 1797 వరకు పంచాంగములను ప్రకటించెను. 1791 లో తన పంచాంగపు వ్రాతప్రతిని థామస్ జెఫర్సనునకు పంపుచు, నల్లవారి బానిసత్వము అన్యాయమని నిర్భయముగా లేఖ వ్రాసెను.

కాలమును కొలుచుటయందింత ఆసక్తి గల బానెకరునకు 1766 లో ఆ పురుగులు మరల కన్పడెను. 1783 లో మూడవసారి కన్పడెను. రెండు విరామములును 17 ఏండ్లే. 1800 లో అవి తిరిగి రాగలవని అతడు తన దినచర్య పుస్తకమున వ్రాసికొనెను. అవి తప్పక వచ్చెను. ఈ లెక్కను గమనించినవాడు బానెకర్ ఒక్కడే కాడు. 1749 లోనే అమెరికాలో పర్యటించుచుండిన స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు పేర్ కాల్ము కూడ దీనిని గూర్చి వ్రాసెను. 1758 లో లిన్నేయసు ఈ కీటకమునకు లాటిను భాషలో పదునేడను సంఖ్యను సూచించు పేరే పెట్టెను.

అమెరికాకు వలసపోయిన ఆంగ్లేయులు వీనిని మిడుతలనిరి. అది పొరపాటు. మిడుత ఆకును కొరికి నమలును. దీనికి నమలు నోరే లేదు, చెట్టు రసమును పీల్చును. శాస్త్రజ్ఞులు దీనిని సికాడా యందురు. కీచురాయి యని మనవారు పిలుచువానిలో, మిట్టమధ్యాహ్నము చెట్లపైనుండి చెవులు గింగురుమనునట్లు అరచునది ఈ కుటుంబములోనిదే. అయితే సామాన్యపు సికాడాలు ఏటేట కొన్ని కన్పడుచునే యుండును. ఒక్క యేడు కూడబలుకుకొన్నట్లు వెలువడి, తరువాత 13 ఏండ్లో 17 ఏండ్లో అదృశ్యమగు జాతులు ఏడు మాత్రమే. ఆ యేడును అమెరికా తూర్పు భాగమునకే చెందినవి.

వీని జీవితమంతయు దాదాపు చీకటిలోనే గడచును. పిల్లపురుగు నేలలో చేరి, చెట్ల వేళ్లలోని పలుచని రసమును పీల్చుచు మెల్లమెల్లగా ఎదుగును. గడువు నిండిన యేట, జానెడు లోతున మన్ను దాదాపు 18 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనమునకు రాగానే, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పైకి వచ్చి చెట్టెక్కును. వీపు చీలును, తెల్లని మెత్తని దేహముతో క్రొత్త సికాడా వెలువడును. తెల్లవారుసరికి దేహము నల్లబడును. కన్నులు ఎఱ్ఱగా మెరయును. నాలుగైదు దినములకు మగవి పాట మొదలుపెట్టును. పొట్టకు ఇరుప్రక్కల మడతలు గల పొరలుండును. కండరములు వానిని లాగి విడుచుటచే ధ్వని పుట్టును. వేలకొలది గొంతులు కలిసినపుడు అది 100 డెసిబెళ్ల దాక పోవును. ఆడది రెక్కల చప్పుడుతో బదులిచ్చి, లేత కొమ్మలను చీల్చి గ్రుడ్లు పెట్టును. కొలది వారములకే తల్లిదండ్రులు నశించును. ఆరు మొదలు పది వారములకు గ్రుడ్లు పొదిగి, చీమంత పిల్లలు నేలరాలి మన్నులో దూరును.

ఈ కీటకమునకు కొండి లేదు, విషము లేదు, వేగముగ ఎగురు నేర్పు లేదు. దీని రక్షణ అంతయు సంఖ్యలో ఉన్నది. కొన్ని తావుల ఎకరమునకు 15 లక్షల వరకు వెలువడుటను శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పక్షులు, ఉడుతలు, తాబేళ్లు కడుపులు నిండ తినినను ఇంకను కోకొల్లలుగా మిగులును. కాని లెక్క తప్పి ముందుగనో వెనుకగనో వచ్చిన కొలదిపాటి పురుగులు పక్షుల పాలగును. కావున వీనికి లెక్క వినోదము కాదు, ప్రాణము.

చీకటిలోనున్న పురుగు ఏండ్లనెట్లు లెక్కించును? కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు పీచు చెట్ల వేళ్లపై పెరుగు పిల్లలతో ఒక పరీక్ష చేసిరి. ఆ చెట్లు ఒకే యేడు రెండుసార్లు ఆకు రాల్చి చిగుర్చునట్లు చేయగా, సికాడాలు ఒక యేడు ముందుగనే పైకి వచ్చెను. అనగా అవి లెక్కించునది సూర్యుని గమనమును గాదు, చెట్టు చిగుర్చుటను. 2000 లో ప్రకటింపబడిన ఈ ఫలితము చక్కనిది. ఆ పురుగునకు పంచాంగము చెట్టే!

ఆ పంచాంగమును నరికివేసినచో ఏమగును? ఇచ్చటనే విషాదమున్నది. చెట్టు కూలి, ఆ నేలపై రాతిబాట పడినపుడు క్రిందనున్న పిల్లలు నిశ్శబ్దముగ నశించును. ఆ నష్టము ఆనాడు ఎవరికిని తెలియదు. గడువు నిండిన యేడు అడవి మూగబోయినపుడు మాత్రమే తెలియును. అదియును, రావలసిన యేడిదియని ఎవరైన వ్రాసియుంచినపుడే. కనెక్టికటు రాష్ట్రములో 1954 లో కన్పడిన యొక సమూహము 1971 లో రాలేదు. ఆ పిమ్మటను రాలేదు. లెక్క వ్రాసినవారు లేకున్న, అది లేకపోయినదను మాటయు లోకమునకు తెలిసెడిది కాదు.

మన దేశమునను ఇట్టి లెక్క గలదు. మేఘాలయమున రీభోయి జిల్లాలో నాలుగేండ్లకొకసారి గుంపులుగా వెలువడు సికాడా ఉన్నది. 2014, 2018, 2022 సంవత్సరములలో అది వచ్చినది. శాస్త్రజ్ఞులు దానికి శాస్త్రీయ నామమొసగినది 2013 లో. దానిని పట్టి ఆహారముగ గొను అచ్చటి పల్లెవారు ఆ గడువును అంతకుముందే ఎరుగుదురు.

బానెకర్ ఇంకొక వింతను గూడ గమనించెను. ఈ పురుగులలో కొన్నింటికి వెనుక భాగము కుళ్లి రాలిపోయినను, బాధ యెరుగనట్లు చనిపోవువరకు పాడుచునే యుండునట! అది యొక శిలీంధ్రము వలన కలుగు వ్యాధియని తరువాతివారు నిర్ధారించిరి. కారణము తెలియకున్నను అతడు చూచినది చూచినట్లు వ్రాసెను. బడితోటలో వేప తొలిపూత పూసిన నాడు తేది వేసి వ్రాసికొను విద్యార్థి చేయు పనియు ఇట్టిదే. దాని విలువ ఆనాడే తెలియకపోవచ్చును.

1806 లో బానెకర్ మరణించెను. అంత్యక్రియలు జరుగుచున్న దినముననే అతని కొయ్యయిల్లు తగులబడి, వస్తువులును కాగితములును అనేకము బూడిదయ్యెను. ఆ దినచర్య పుస్తకము మాత్రము దక్కినది. అతడు బాలుడై చంపబోయిన పురుగుల సంతతి 2021 లో మేరీలాండునకు తిరిగి వచ్చినది. వాని పిల్లలిప్పుడు అచ్చటి చెట్ల వేళ్లనంటి యున్నవి. ఆ చెట్లు నిలిచినచో, 2038 లో అవి మరల పైకి రాగలవు.