ఆటుపోట్ల లెక్క: అండమాన్‌లో మూడో తరగతి చదువు

ఇవాళ ఉదయం 6 గంటలకు సముద్రం పోటు మీద ఉంటే, వారం తర్వాత అదే పోటు ఎన్నింటికి వస్తుంది? అండమాన్ తీరంలో వేటకు వెళ్లే కుటుంబాల పెద్దలు పుస్తకం చూడకుండానే దీనికి జవాబు చెబుతారు. మూడో తరగతి పిల్లలు కూడా తేల్చగల లెక్కే ఇది.

జాతీయ విద్యా విధానం-2020 బడి చదువును 5+3+3+4 దశలుగా విభజించింది. అందులో రెండో దశ మూడో తరగతితో మొదలవుతుంది. అప్పటిదాకా చదవడం నేర్చుకున్న పిల్లలు ఇక నుంచి చదివి నేర్చుకోవాలి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం ఈ తరగతి ముగిసేసరికి పిల్లలు అందుకోవాల్సిన లక్ష్యాలను నిర్దేశించింది. వయసుకు తగిన పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల చొప్పున అర్థం చేసుకుంటూ చదవాలి. 9999 వరకు అంకెలు రాయాలి. చిన్న చిన్న గుణకారాలు చేయాలి.

అండమాన్ నికోబార్ పాఠశాలలు సీబీఎస్‌ఈ విధానాన్ని అనుసరిస్తాయి. మూడో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ 2024లో కొత్త పుస్తకాలు తెచ్చింది. గణితానికి ‘మ్యాథ్స్ మేళా’, పరిసరాలకు ‘అవర్ వండ్రస్ వరల్డ్’. భాషలు, కళలు, వ్యాయామ విద్యకు వేరే పుస్తకాలున్నాయి. ఈ తరగతిలో విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం ఇంకా విడిపోవు. రెండూ పరిసరాల పాఠంలోనే కలిసి ఉంటాయి.

ఢిల్లీ పిల్లలకూ, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) పిల్లలకూ పుస్తకం ఒకటే. బడి బయట కనిపించే పరిసరాలు మాత్రం వేరు. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. భూమి తన చుట్టూ తాను తిరిగేలోగా చంద్రుడు తన కక్ష్యలో కొంత ముందుకు జరుగుతాడు. మళ్లీ చంద్రుడికి ఎదురుగా రావడానికి భూమి ఇంకాస్త తిరగాలి. అందుకే పోటు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఏడు రోజులకు 7×50, అంటే 350 నిమిషాలు. ఆరు గంటలకు పది నిమిషాలే తక్కువ! ఉదయం 6 గంటల పోటు వారానికి దాదాపు మధ్యాహ్నం 12 గంటలకు చేరుతుంది. ఈ ఒక్క లెక్కలో గుణకారం, గడియారం, చంద్రుడు అన్నీ ఉన్నాయి.

నీడ కూడా ఇలాంటి పాఠమే చెబుతుంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి వెళుతుంది. శ్రీ విజయపురం అక్కడికి సుమారు 10 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 40 నిమిషాల తేడా. అందుకే అక్కడ గడియారంలో దాదాపు 11.20కే నీడ అతి పొట్టిగా ఉంటుంది. బడి ఆవరణలో ఒక కర్ర పాతి, నీడను స్కేలుతో కొలిస్తే ఇది తెలిసిపోతుంది.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిష్ ఎదురయ్యే పిల్లలకు చదివింది అర్థం చేసుకోవడమే మొదటి గండం. ‘ఆటు’, ‘పోటు’ అన్న మాటలు ఇంట్లో ముందే విని ఉంటే పాఠం సగం తెలిసినట్టే. ఇంటి మాటను తరగతిలోకి రానిస్తే పరిసరాల పాఠం తేలికవుతుంది.

ఇదంతా మార్కుల కోసం మాత్రమే కాదు. 2004 డిసెంబర్ 26న సుమత్రా తీరంలో 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం, సునామీ ఈ దీవులను అతలాకుతలం చేశాయి. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అదే రోజు థాయిలాండ్‌లోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల బ్రిటన్ బాలిక సముద్రం తీరు మారడాన్ని గమనించింది. రెండు వారాల ముందు బడిలో విన్న సునామీ పాఠం గుర్తొచ్చి పెద్దలను హెచ్చరించింది. ఆ ఒడ్డున ఉన్నవారంతా సమయానికి తప్పుకున్నారు.

సునామీకి ముందు ప్రతిసారీ నీరు వెనక్కి తగ్గుతుందని లేదు. తీరంలో భూమి గట్టిగా, ఎక్కువసేపు కంపిస్తే వెంటనే ఎత్తైన చోటికి వెళ్లాలి. నీరు తగ్గిన సందర్భంలో మాత్రం, అది రోజూ వచ్చే ఆటా కాదా అన్నది పోట్ల వేళలు తెలిసినవారికే అర్థమవుతుంది. తరగతి గోడ మీద ఒక పట్టిక వేలాడదీసి, పదిహేను రోజులు పోటు వేళలు రాయిస్తే చాలు. ఆ అలవాటుకు మూడో తరగతి సరైన వయసు.