నిలబడే విద్య

పసిపిల్లలకు నడక నేర్పడానికి మూడుచక్రాల బండి చేయిస్తాం. నిలబడటం నేర్పడానికి మాత్రం యే వస్తువూ చేయించం. ఏడాది నిండే వేళకు ఆ విద్య దానంతట అదే అబ్బుతుంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ఆ తరువాత, అదొక విద్య అన్న సంగతే అందరూ మరచిపోతారు. అరవై ఎనిమిదో యేట నేను ఆ పాఠం మళ్ళీ మొదటినుంచీ చదవవలసి వచ్చింది. తుంటి కీలు మార్పించుకొన్నవారూ, మార్పించుకోబోయేవారూ ఇప్పుడు ప్రతి వీధిలోనూ వున్నారు గనుక, నేర్చుకొన్నది నాలుగు మాటలలో చెపుతాను.

నాది కుడి తుంటి. ఏడెనిమిదేళ్ళుగా కీలు అరిగి అరిగి, చివరకు రాత్రి పక్కమీద ఒత్తిగిలాలంటే ప్రాణం మీదికి వచ్చేది. గుంటకూ గుండుకూ మధ్య వుండవలసిన సందు పూర్తిగా పోయిందనీ, కీలు మార్చడమే మార్గమనీ డాక్టరుగారు ఎక్సురే చూపించి చెప్పారు.

ఈ వైద్యం నిన్న మొన్న పుట్టింది కాదు. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆసుపత్రి సర్జను జాన్ చార్న్‌లీ, మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడి చూశాడు. అవి కొద్ది సంవత్సరాలలోనే అరిగిపోయాయి. 1962 నవంబరులో పాలిథిలీన్ గిన్నెలో చిన్న వుక్కు గుండు ఇమిడ్చి చూశాడు. అది నిలిచింది. నేటి కీళ్ళ లోహాలు వేరైనా, అవి నడుస్తున్నది ఆయన వేసిన బాటనే.

ఆపరేషన్‌తో నా నొప్పి పోయింది. చేత్తో తీసివేసినట్టు పోయింది. కాని మంచం దిగి నిలబడితే, యెవరో పక్కనుంచి మెల్లగా తోస్తున్నట్టు వుండేది. చేతిలో కర్ర, పక్కన మా ఆవిడ. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా ఆవిడ నా మోచెయ్యి వదిలేది కాదు. సామర్లకోటలో వాళ్ళ తమ్ముడింట మనుమడు పుట్టాడని కబురు వచ్చింది. "మీరు యెవరి సాయమూ లేకుండా నిలబడిన రోజున వెళతాను లెండి" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరీ బాధ వేసింది.

కసరత్తులు చేయించడానికి వారానికి మూడు రోజులు ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. మొదటిరోజే, "బాబాయిగారూ, బరువు చూసుకొనే యంత్రాలు రెండు కావాలి" అన్నది.

"ఒక మనిషికి రెండెందుకమ్మా?"

"కాలికొకటి!"

ఒకటి మా యింట్లోనే వుంది. రెండోది పక్కింటి నుంచి తెచ్చాము. రెంటి మీదా చెరొక పాదం పెట్టి నిలబడ్డాను. సరిగ్గా మధ్యనే నిలబడ్డానని ప్రమాణం చేసి చెప్పగలను. ఎడమ యంత్రం 41 కిలోలు చూపింది, కుడిది 23. నా మొత్తం బరువు 64! యేళ్ళ తరబడి నొప్పికాలిని తప్పించి మంచికాలి మీద బతికిన శరీరం, నొప్పి పోయాక కూడా ఆ అలవాటు మానలేదన్నమాట.

అప్పుడు ఆ అమ్మాయి అసలు సంగతి విప్పి చెప్పింది. కదలకుండా నిలబడటమంటూ యెవరికీ వుండదు. కుర్రవాళ్ళు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడతారే, అలాగే శరీరం ప్రతి క్షణం కాస్త ఒరుగుతూ, కాస్త సర్దుకొంటూ వుంటుంది. ఎటు ఒరుగుతున్నదో మెదడుకు కబురు చేసేవి మూడు: కళ్ళు, లోపలి చెవి, పాదాలలోనూ కీళ్ళలోనూ కండరాలలోనూ వుండే నరాల కొసలు. పాత కీలుతోపాటు ఆ నరాల కొసలు కొన్ని పోతాయి. అయితే కబురు పూర్తిగా ఆగిపోదు. చుట్టూ వున్న కండరాలూ, అరికాలి చర్మమూ ఆ పని అందుకొంటాయి. అందుకొనేటట్టు వాటిని సాధన చేయించాలి.

రెండో సంగతి బలం. ఒంటికాలి మీద నిలబడినప్పుడు కటి ఒక పక్కకు వాలకుండా పట్టి వుంచేవి పిరుదు పక్కనుండే కండరాలు. ఒకవైపే బరువు కట్టిన కావడిని రెండో కొస పట్టి కిందికి లాగుతూ నిలిపినట్టు అవి పని చేస్తాయి. మన బరువూ, ఆ లాగుడూ కలిసి, ఆ క్షణాన తుంటి కీలు మోసేది శరీరం బరువుకు సుమారు రెండున్నర రెట్లు. నా లెక్కన 160 కిలోలు! ఆ కండరాలు బలహీనపడితే, యెత్తిన కాలివైపు కటి జారుతుంది. జర్మన్ సర్జను ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వర్ణించిన ఈ గుర్తును నేటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. నడకలో మనం వేసే ప్రతి అడుగూ ఒక క్షణం ఒంటికాలి నిలకడే గనుక, కుంటి నడకకు మూలం తరచు ఇక్కడే వుంటుంది.

ఇక కర్ర సంగతి. చూడవచ్చిన బంధువులందరూ, "ఆపరేషన్ అయిన వైపునే పట్టుకోవాలి కదండీ!" అని తగవు పెట్టుకొన్నారు. కర్ర వుండవలసింది రెండోవైపు చేతిలో. దూరంగా వున్న చేతితో కొద్దిగా నొక్కినా, ఆ పక్క కండరాల పని యెంతో తగ్గుతుంది. కీలు మీది భారం దిగుతుంది. 1956లోనే వాల్టర్ బ్లౌంట్ అనే అమెరికన్ డాక్టరు, చేతికర్రను పారవేయకండి అని అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం వ్రాశాడు. కర్ర ముసలితనానికి గుర్తని సిగ్గుపడేవారు ఆ శీర్షిక ఒక్కటి గుర్తుంచుకొంటే చాలు.

డాక్టరుగారు సరేనన్నాక సాధన మొదలైంది. ముందు వంటింటి గట్టు, వెనుక బరువైన కుర్చీ, పక్కన మనిషి. మొదట రెండు యంత్రాల ముళ్ళు సమంగా వచ్చేలా నిలబడటం. తరువాత పాదాలు దగ్గరకు చేర్చి నిలబడటం. ఆ తరువాత ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనించి నిలబడటం. రెండు చేతుల ఆసరా, ఒక చెయ్యి, ఒక వేలు. ఒంటికాలి వంతు చిట్టచివర. రోజుకు కాసేపే, కాని రోజూ.

అన్నిటికన్న కఠినమైనది కళ్ళు మూసుకొని నిలబడటం. మూడు కబుర్లలో ఒకటి కట్టయిపోతుంది గదా! బెర్లిన్‌లో వుండిన రాంబెర్గ్ అనే వైద్యుడు 19వ శతాబ్దంలోనే దీన్ని పరీక్షగా పెట్టాడు. మనకు ఆ పరీక్ష రోజూ వుంది: మొహానికి సబ్బు రాసుకొన్నప్పుడు. ఇంకా పెద్ద పరీక్ష గుళ్ళో. పాదాలు చేర్చి, చేతులు రెండూ జోడించి, కళ్ళు మూసుకోవడం! పట్టుకొనేందుకు చెయ్యి లేదు, చూసేందుకు కన్ను లేదు. మొదటి నెలలలో కళ్ళు తెరిచి దణ్ణం పెడితే దేవుడు కోప్పడడు.

ఇంట్లో జాగ్రత్తలు మరికొన్ని. గడపల దగ్గర జారే పట్టాలు తీసివేయాలి. స్నానాలగది నేల పొడిగా వుండాలి. గోడకు గట్టి పిడి వుండాలి. రాత్రి దారిలో చిన్న దీపం వెలగాలి. వాకిట్లో ఒక పాదంతో రెండో పాదం రుద్ది కడుక్కొనే అలవాటు మనది. అది ఒంటికాలి విన్యాసమే కనుక కుర్చీలో కూర్చుని కడుక్కోవాలి. పంచె అయినా పాంటు అయినా కూర్చునే తొడుక్కోవాలి. మెట్లు యెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. నేలమీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం డాక్టరు అనుమతించేదాకా కూడదు. రక్తపుపోటు మాత్రలు వేసుకొనేవారు దిగ్గున లేవకుండా, మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి.

ఆపరేషన్ కాలు పొడుగైనట్టు చాలామందికి తోస్తుంది. నాకూ తోచింది. బిగిసిన కండరాలు కటిని వంచడంవల్ల కలిగే ఈ తోపు, తరచు కొద్ది నెలలలో సర్దుకొంటుంది. డాక్టరుకు చూపించకుండా చెప్పులో ఎత్తు వేయించుకోవద్దు. కాలు హఠాత్తుగా బరువు ఆనకపోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం తగిలినా, కొత్తగా తల తిరిగినా ఆ రోజే డాక్టరును చూడాలి.

అయిదోనెలలో ఒకనాడు ఎడమ యంత్రం 33, కుడిది 31 చూపాయి. వంటింటి గట్టు పట్టుకోకుండా, కర్ర గోడకు ఆనించి, పది అంకెలు లెక్కపెట్టేదాకా కుడికాలి మీద నిలిచాను. వెనక నిలబడి వున్న మా ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రానికి పెట్టె సర్దుకొన్నది.

నాలుగురోజులకని సామర్లకోట వెళ్ళి వారం వుండి వచ్చింది. మధ్యలో ఒకరోజు ఫోను చేసి, "ఏమండీ, ఎలా వున్నారు? కూర్చునే మాట్లాడుతున్నారు కదా?" అని అడిగింది.

"నిలబడే మాట్లాడుతున్నాను" అన్నాను.