నాణెమునకు మార్కులు: మరల పరీక్షకు పంపవచ్చునా?

పాత నాణెములను సేకరించుట మన విద్యార్థులలో పలువురికి ప్రియమైన వ్యాసంగము. తాతముత్తాతల పెట్టెలలో వెండి రూపాయలు, అణాలు, కానులు నేటికిని కొన్ని ఇండ్లలో కానవచ్చుచున్నవి. బ్రిటిషు ప్రభుత్వకాలపు అణా నాణెములపై ఇతర లిపులతోపాటు తెలుగు లిపియందును విలువ ముద్రింపబడుట, రాష్ట్రమునకు వెలుపల నుండి తెలుగు చదువుకొనుచున్న మనకు ప్రత్యేకముగ సంతోషము గూర్చు విషయము. సేకరణము వినోదముగ నున్నంతవఱకు చిక్కు లేదు. నాణెమునకు వెల కట్టబూనినప్పుడే చిక్కులు బయలుదేరును. ఒకమారు పరీక్షింపబడి గ్రేడు పొందిన నాణెమును, ఇంకను హెచ్చు గ్రేడు వచ్చునను ఆశతో మరల పంపవచ్చునా, కూడదా అనునది అట్టి చిక్కులలో నొకటి. పిల్లలకును తల్లిదండ్రులకును బోధపడునట్లు దీనిని వివరింపదలచినాము.

గ్రేడు అననేమి?

నాణెముల స్థితిని అంకెలతో సూచించు ఈ పద్ధతి అమెరికా దేశమున పుట్టినది. 1949లో విలియం షెల్డన్ అనునాతడు ఆ దేశపు పాత రాగి సెంటుల కొఱకు 1 మొదలు 70 వఱకు గల కొలమానమును ప్రకటించెను. బొత్తిగా అరిగిపోయి, ఏ నాణెమో పోల్చుకొనుటకు మాత్రమే వీలైనది 1; ఏ లోపమును లేనిది 70. మొదటిదానికంటె చివరిది డెబ్బది రెట్లు వెల చేయునని ఆతని యూహ. ధరలు ఆ లెక్కకు కట్టుబడలేదు. అంకెలు మాత్రము నిలిచిపోయి, తక్కిన నాణెములకును వ్యాపించినవి. వీనిలో 60 మొదలు 70 వఱకు గలవి వాడుకలో అరుగని నాణెములకే చెల్లును.

1986లో ప్రొఫెషనల్ కాయిన్ గ్రేడింగ్ సర్వీస్ అను సంస్థయు, 1987లో న్యూమిస్మాటిక్ గ్యారంటీ కార్పొరేషన్ అను సంస్థయు అమెరికాలో వెలసినవి. రుసుము పుచ్చుకొని నిపుణులచే నాణెమును పరీక్షింపజేసి, గ్రేడు వ్రాసిన చీటీతో సహా గట్టి ప్లాస్టికు పెట్టెలో మూసి తిప్పి పంపుట వీని పని.

నిపుణులు ముఖ్యముగ నాలుగు విషయములు చూతురు: అచ్చు ఎంత స్ఫుటముగ పడినది, గీట్లు ఎన్ని, ఎక్కడ ఉన్నవి, టంకశాల నుండి వచ్చిన నిగ్గు ఎంత మిగిలినది, మొత్తముమీద కంటికి ఎంత ఇంపుగ నున్నది. వీనిలో త్రాసున తూచదగినది ఒక్కటియు లేదు. కావున గ్రేడు అనునది వ్యాసపు జవాబుపత్రమునకు ఉపాధ్యాయుడు వేయు మార్కు వంటిది. 64కును 65కును సరిహద్దున నున్న నాణెమునకు ఒకనాడు 64, మరియొకనాడు 65 రావచ్చును. మరల పంపుదమను ఆశకు మూల మిదియే.

ఒక మెట్టు వెల ఎంత?

మోర్గన్ డాలరు అను అమెరికా వెండి నాణెమును దృష్టాంతముగ గైకొందము. ఇది 1878 మొదలు 1904 వఱకును, మరల 1921లోను ముద్రింపబడినది. తూకము 26.73 గ్రాములు; నూటికి తొంబది పాళ్లు వెండి. వేయేసి నాణెములు సంచులలో కట్టి ఉంచుటచే అవి ఒకదానినొకటి రాచుకొని, బొమ్మ చెక్కిలిమీద గీట్లు పడినవి. వాడుకలో అరిగినచో ఆ అరుగుదల చెవిమీది జుట్టునను, వెనుకవైపు గ్రద్ద ఱొమ్మునను ముందుగ కానవచ్చును. చూచువారు ముందు ఈ తావులనే చూడవలెను.

1881లో సాన్ ఫ్రాన్సిస్కో టంకశాల 1,27,60,000 మోర్గన్ డాలర్లను ముద్రించినది. వాని అచ్చు మిక్కిలి చక్కనిది. అరుగక మిగిలినవియు మెండు. కావున 63కును 64కును వెలలో తేడా స్వల్పమే. అదే టంకశాల 1884లో ముద్రించిన 32,00,000 నాణెముల సంగతి వేరు. అరిగినవి సులభముగనే దొరకును. అరుగనివి మిక్కిలి అరుదు. అందుచే 58 పొందిన నాణెమునకును, 60 దాటిన నాణెమునకును వెల అనేక రెట్లు భేదించును. కొన్ని అంకెల తేడా ఒకచోట రుసుమునకైన చాలదు. మరియొకచోట ఆస్తి యగును. కనుక మొదట అడుగవలసిన ప్రశ్న “మెట్టు ఎక్కునా?” అనునది కాదు, “ఎక్కినచో ఎంత వచ్చును?” అనునదియే.

చిన్న లెక్క

లెక్క కొఱకు ఈ క్రింది అంకెలను కల్పించుచున్నాము. ఒక నాణెము 64వ గ్రేడున 8,000 రూపాయలు చేయుననుకొందము. 65 వచ్చినచో 14,000. 63కు దిగినచో 6,000. రుసుము, పోనురాను తపాలా, భీమా కలిపి ఖర్చు 3,000. ఇట్టి పది నాణెములు పంపగా రెండు పైకెక్కి, రెండు దిగజారి, ఆరు ఉన్నచోటనే ఉన్నవనుకొనుడు. లాభము 12,000, పతనము వలన నష్టము 4,000, ఖర్చు 30,000. మొత్తముమీద 22,000 రూపాయల నష్టము.

ఇప్పుడు వెల 20,000, హెచ్చు గ్రేడున 90,000, తగ్గు గ్రేడున 15,000, ఖర్చు 4,000 అనుకొని అదే లెక్క వేయుడు. లాభము 1,40,000, నష్టము 10,000, ఖర్చు 40,000. మిగులు 90,000. ఇది లాభసాటి బేరముగ తోచును. కాని ఒక సంగతి మరువరాదు. ఈ మిగులు పది నాణెములు గలవానికి వచ్చు సరాసరి. ఒక్కటే నాణెము గల కుటుంబమునకు పదింట ఎనిమిది పాళ్లు 4,000 గాని 9,000 గాని పోవుటయే సంభవము. ఆ నష్టమును ఇల్లు ఓర్చుకొనగలదా అని తలిదండ్రులు ముందే యోచింపవలెను.

పంపు విధములు

మొదటిది, పెట్టె పగులగొట్టి నాణెమును క్రొత్తదానివలె పంపుట. ఇందు గ్రేడు పెరుగవచ్చును, తరుగవచ్చును. తోమిన గుర్తులున్నవని అంకె నీయకయే తిప్పి పంపవచ్చును. పగులగొట్టునప్పుడు చేయి జారి గీటు పడినచో దానికి మందు లేదు. రెండవది, పెట్టెతోనే పంపుట. హెచ్చు గ్రేడునకు తగదని తోచినచో నాణెమును ఉన్నదున్నట్లు తిప్పి పంపు ఏర్పాటు కొన్ని సంస్థలలో కలదు. ఇందు పోవునది ఖర్చు మాత్రమే. జాగ్రత్తపరులకు ఇదియే మేలు.

ఈ మరల పంపుటలవలన మరియొక వింత కలుగుచున్నది. ఏ గ్రేడున ఎన్ని నాణెములు వచ్చినవో సంస్థలు లెక్క ప్రకటించును. ఒకే నాణెము మూడుమార్లు పోయి, పాత చీటీలు తిరిగి అప్పగింపబడనిచో, ఆ లెక్కలో అది మూడు నాణెములుగ నిలుచును. కనుక ఆ పట్టికలను చూచి అరుదుతనమును నిర్ణయించువారు జాగరూకులై యుండవలెను.

రెండు హెచ్చరికలు

గ్రేడు పెరుగునని నాణెమును చింతపండుతోగాని, కుంకుడురసముతోగాని, బూడిదతోగాని తోమరాదు. పళ్లెమునకు మెఱుగు వచ్చిన చాలును. నాణెమునకు అట్లు కాదు. తోముటతో సహజమైన నిగ్గు పోయి సన్నని గీతలు మిగులును. వానిని నిపుణుడు భూతద్దములో ఇట్టే కనిపెట్టును. పోయిన నిగ్గును ఎవ్వరును తిరిగి తేలేరు.

రెండవది చట్టమునకు సంబంధించినది. 1972నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. అట్టిదానిని ప్రైవేటు వ్యక్తులు దేశము దాటించుట నిషిద్ధము. పరీక్షకే పంపుచున్నామనుటచే ఆ నిషేధము తొలగిపోదు. కావున అవ్వ దాచిన విక్టోరియా రూపాయను విదేశమునకు పంపుమని ఎవ్వరైన సలహా ఇచ్చినచో చెవి నొగ్గరాదు.

కావున నాణెమును ముందుగ మంచి వెలుతురున, అంచులు పట్టుకొని, అదే గ్రేడు పొందిన మరి నాలుగింటి ప్రక్కన పెట్టి చూడుడు. వానికంటె నిజముగ మేలుగ నున్నచో, మెట్టు వెల ఖర్చునకు పలురెట్లున్నచో, నష్టమును ఓర్చుకొనగలిగినచో పంపుడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను పెట్టెను బీరువాలోనే ఉంచుడు. చీటీమీది అంకె 64 అయినను, 65 అయినను లోపలి నాణెము ఒక్కటియే. దానిని చదువగల కన్నును సంపాదించుటయే సేకరణమునకు అసలు ఫలమని మా విద్యార్థులకు మనవి చేయుచున్నాము.